జాబితా ప్రకారం గంగులు సముద్రంలోనే ఉన్నాడు

కొత్త సంగతులు ఆరోగ్యానికి మంచివి కావు. ఈ మాట డాక్టర్లు చెప్పరు. పాపం, వాళ్లూ రోజూ పేపరు చదువుతారు కదా! ఒకసారి చూపించిన జాబితాని మళ్లీ జన్మలో మార్చని కంప్యూటర్ ఒకటి ఆఫీసులో ఉంటే ఎంత హాయో మీరెప్పుడైనా ఆలోచించారా? మొన్నటిదే నిన్నా చూపిస్తుంది. నిన్నటిదే రేపూ చూపిస్తుంది. మనసు చెదరదు, బీపీ పెరగదు, సంతకం పెట్టే చెయ్యి వణకదు!

నమ్మకం కలగడం లేదా? అయితే శ్రీకాకుళంలో ఒక మత్స్యకారుల సహకార సమాఖ్య ఆఫీసులో, 2016 అక్టోబరులో జరిగింది వినండి. అంతటి వరప్రసాదం ఆ ఆఫీసుకి దొరికితే, సుహాసిని అనే అమ్మాయి దాని విలువ తెలుసుకోలేక బాగుచేసి పారేసింది. చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు!

సుహాసినిది శృంగవరపుకోట. వరి, నువ్వులు పండించే ఇల్లు. విజయనగరంలో ఇంజనీరింగ్ చదివి, సమాఖ్యలో సిస్టమ్స్ అసిస్టెంటుగా కాంట్రాక్టు మీద చేరి ఏడు నెలలైంది. చేరే నాటికి చేపల్లో కవ్వళ్లకీ కానాగంతలకీ తేడా తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా “రీస్టార్ట్ చెయ్యండి సార్” అనడమే ఆమె ఉద్యోగం. తొంభై శాతం రోగాలు ఆ ఒక్క మందుతో తగ్గేవి. అందరూ ఆమెని మెచ్చుకునేవారు.

సమాఖ్యలో నలభై రెండు పడవలు. ఒక్కో పడవకి ఒక్కో ఫైలు. ఫోల్డర్లు రెండే: ‘ఒడ్డున’, ‘వేటలో’. పడవ వేటకి వెళితే కళింగపట్నం తీరంలో ఉన్న గుమాస్తా అప్పలసూరి దాని ఫైలుని మొదటి ఫోల్డర్ నుంచి రెండోదాంట్లోకి లాగుతాడు. తిరిగొస్తే వెనక్కి లాగుతాడు. అవే ఫోల్డర్లని ఇక్కడ శ్రీకాకుళంలో కార్యదర్శి జగన్నాధం నెట్‌వర్క్ మీద చూసి టోకెన్లు ఇస్తాడు. టోకెన్ లేనిదే సమాఖ్య బంకులో డీజిల్ పొయ్యరు. ఇంతవరకూ చిన్నపిల్లకైనా అర్థమవుతుంది.

ముందటేడు మత్స్యకారుల ఫోన్ నంబర్లు ఎలాగో బయటికి పొక్కాయి. వల లాగుతున్న మనిషికి ఫోన్ చేసి, “సార్, మీకు క్రెడిట్ కార్డు మంజూరైంది” అనడం మొదలెట్టారు. దాంతో సమాఖ్య మేలుకుని ఫైళ్లన్నిటికీ తాళం వేయించింది. లోపలి వివరాలకే కాదు, ఫైళ్ల పేర్లకి కూడా! నేరుగా సర్వర్ తెరిచి చూస్తే పసిపిల్ల కీబోర్డు మీద చతికిలబడ్డట్టు అక్షరాల గుట్ట కనిపిస్తుంది. ఏది గంగులు పడవో, ఏది నాగబాబు పడవో దేవుడికే తెలియాలి. తాళంచెవి ఉన్న కంప్యూటర్లు మాత్రమే ఆ గుట్టని విప్పి మనుషుల పేర్లుగా చూపిస్తాయి. విప్పడం కాస్త శ్రమ కాబట్టి, ఒకసారి విప్పిన జాబితాని జ్ఞాపకం పెట్టుకుంటాయి.

జగన్నాధం కంప్యూటర్ జ్ఞాపకశక్తి అమోఘం. అది ఆన్ కావడానికి పావుగంట పడుతుందని ఆయన దాన్ని ఎప్పుడూ ఆపడు. సాయంత్రం తెర ఒక్కటీ ఆపేసి పైన తువ్వాలు కప్పుతాడు. పొద్దున్నే తువ్వాలు తీసి దండం పెట్టి తెర వెలిగిస్తాడు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఎవరి దగ్గరా ఒక్క చేప కూడా ఊరికే పుచ్చుకోని మనిషి. రికార్డులో లేని మాట ఆయన నోటంట రాదు.

గంగులు శనివారం వేట నుంచి వచ్చాడు. అప్పలసూరి ఫైలు మార్చాడు. సోమవారం గంగులు టోకెన్ కోసం ఫోన్ చేస్తే జగన్నాధం శాంతంగా, “నువ్వు ఇంకా వేటలో ఉన్నావు. వచ్చాక చెయ్యి” అని పెట్టేశాడు.

మనలో మాట, ఇంతకంటే అదృష్టం ఉంటుందా? గంగులుని చూడండి! మర్నాడు బడిలో తల్లిదండ్రుల మీటింగు. వేటలో ఉన్నవాడు ఎలా వెళతాడు? వీధిలో కుళాయి పైపు పగిలింది, తవ్వడానికి తలా ఒక చెయ్యి వెయ్యమన్నారు. వేటలో ఉన్నవాడు ఎలా వేస్తాడు? భార్య లక్ష్మణమ్మ రెండు బిందెల నీళ్లు తెమ్మంటే అరుగు మీద కాళ్లు చాపుకుని, “నాను నడిసముద్రంలో ఉన్నానే, ఎలాగ తెస్తాను?” అన్నాడట. ఆ బిందె ఎంత దూరం వచ్చి పడిందో చెప్పడానికి సాక్షులున్నారు.

బుధవారం పొద్దున లక్ష్మణమ్మే ఆయన్ని బస్సెక్కించి శ్రీకాకుళం తీసుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా చేపలు అమ్మిన గొంతు ఆమెది. మామూలుగా మాట్లాడినా రెండు గదుల అవతలికి వినిపిస్తుంది.

“బాబూ, నాను గంగుల్ని. వచ్చేసినాను. టోకెనిప్పించండి.”

జగన్నాధం తెర చూశాడు. కళ్లజోడు సర్దుకుని మనిషిని చూశాడు. మళ్లీ తెర చూశాడు.

“గంగులు వేటలో ఉన్నాడయ్యా.”

“గంగులంటే నానే కదా బాబూ.”

“నువ్వు గంగులువి కాదని నేను అన్లేదు. నువ్వు గంగులువే. కానీ గంగులు వేటలో ఉన్నాడు.”

“ఓలమ్మో!” అంది లక్ష్మణమ్మ. “ఈడు వేటలో ఉంటే, నాలుగు రోజుల్నుంచీ నా సేత అన్నం ఎట్టించుకుంతన్నోడు ఎవుడు?”

పక్క గదిలోంచి సుహాసిని నవ్వాపుకుంటూ వచ్చింది. రోజూ ఆపేసి వెలిగించే తన కంప్యూటర్‌లో గంగులు శుభ్రంగా ఒడ్డునే ఉన్నాడు. ఆ మాటే చెప్పింది.

జగన్నాధం కోప్పడలేదు. పాఠం చెబుతున్నట్టు అన్నాడు: “చూడమ్మా, నీది అసిస్టెంట్ కంప్యూటర్. నాది కార్యదర్శి కంప్యూటర్. రెండూ రెండు మాటలంటే ఆఫీసు దేన్ని నమ్మాలి?”

“పోనీ ఒకసారి గంగులుగారి ఫైలు తెరవండి సార్.”

ఆయన నొక్కాడు. ‘ఈ ఫైలు లేదు’ అని వచ్చింది.

“చూశావా! నడిసముద్రంలో ఉన్నోడు పిలిస్తే పలుకుతాడేటి?”

సుహాసిని నవ్వు ఆగిపోయింది. జాబితాలో పేరుంది, తెరిస్తే ఫైలు లేదు. అంటే ఫైలు ఎప్పుడో కదిలిపోయింది, జాబితా మాత్రం కదల్లేదు. ఈ ఏడు నెలల్లో ఈ కంప్యూటర్ మూడుసార్లు ఇలాగే తప్పు చూపించింది. మూడుసార్లూ తను రీస్టార్ట్ చేయించింది. రీస్టార్ట్ అవగానే జ్ఞాపకం చెరిగి జాబితా సరిపోయింది. రోగం తగ్గిందని తనూ నమ్మింది, అందరూ నమ్మారు. ఎందుకు వచ్చిందని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

అంతలో జగన్నాధం బల్ల మీద ఫోన్ మోగింది. కంట్రోల్ రూమ్ నుంచి కబురు: బంగాళాఖాతంలో వాయుగుండం. సాయంత్రానికి గాలి ముదురుతుంది. వేటలో ఉన్న పడవల జాబితా ఒంటి గంటలోగా పంపాలి, గస్తీ బోటు ఆ జాబితా పట్టుకునే బయల్దేరుతుంది. అప్పటికి పన్నెండు దాటింది.

జగన్నాధం కాగితం తీసి తెర చూసి పేర్లు రాయసాగాడు. రాస్తూ పైకి చదవడం ఆయన అలవాటు. పదకొండు పేర్లు. గంగులు పేరు ఏడోది. లక్ష్మణమ్మ ఒక్కో పేరుకీ వేలు ముడుస్తూ విన్నది. ఆఖరి పేరు అయ్యాక కూడా ఎదురుచూసింది.

“బాబూ, మా తమ్ముడు నాగబాబు పేరు సదవనేదేటి?”

ఆయన ‘ఒడ్డున’ ఫోల్డర్ చూశాడు. “నాగబాబు ఒడ్డునే ఉన్నాడమ్మా. భయం లేదు.”

“నిన్న తెల్లారగట్ల ఎల్లినాడు బాబూ. నా సేత్తోనే కేరేజీ కట్టి ఇచ్చినాను.”

ఇక్కడ మనం కాసేపు నవ్వాపాలి. గదిలో అందరూ ఆపారు. ఒడ్డున ఉన్నవాణ్ణి సముద్రంలో చూపించే కంప్యూటర్, సముద్రంలో ఉన్నవాణ్ణి ఒడ్డున చూపించకుండా ఉంటుందా? మూడు రోజులుగా ఊరంతా నవ్వుకున్నదానికి ఈ రెండో వైపు ఉందని ఎవరికీ తోచలేదు. సుహాసినికి కూడా.

“సార్, ఆ జాబితా పంపకండి” అంది. “అది పాతది. మీ కంప్యూటర్‌ని నేనెప్పుడో పట్టించుకోవాల్సింది. తప్పు నాది.”

“పంపకపోతే ఎలాగమ్మా? గంటలోగా అడిగారు. రీస్టార్ట్ చేస్తే పావుగంట. అదీ సరైనదేనని నీకు నమ్మకమేటి?”

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఏడు నెలల రీస్టార్టుల తర్వాత సుహాసినికి తన కంప్యూటర్ మీద కూడా నమ్మకం లేదు. అప్పలసూరికి ఫోన్ చేసింది.

“నిన్ననే మార్చేసినాను మేడమ్. నా కంప్యూటర్‌లో నాగబాబు వేటలోనే...”

లక్ష్మణమ్మ ఫోన్ లాక్కుంది. “ఒరే అప్పలసూరీ! ఆ కంప్యూటర్ని ఒగ్గీ. బయటికెల్లు. ఇసక మీద తెప్పలు సూడు. ఏది ఉన్నాదో, ఏది నేదో సెప్పు.”

అప్పలసూరి ఇసకలో నడుస్తూ చెప్పాడు. నీలం రంగుది ఉంది. పసుపు చారలది ఉంది. ముక్కు దగ్గర విరిగినది ఉంది. రంగు చెబితే చాలు, లక్ష్మణమ్మ అది ఎవరి పడవో చెప్పేది. గంగులు అవునని తలూపేవాడు. సుహాసిని మొత్తం పడవల పట్టీలో ఆ పేరు కొట్టేసి, చివరికి మిగిలినవి వేరే రాసుకుంది. ఇరవై నిమిషాలు పట్టింది. కార్యదర్శి రాసిన పదకొండు పడవల్లో ఆరు ఇసక మీద పడుకుని ఉన్నాయి. నిజంగా నీళ్ల మీద ఉన్నవి తొమ్మిది. అందులో నాలుగు ఆయన జాబితాలో లేనే లేవు. నాగబాబుది అందులో ఒకటి.

జగన్నాధం కలం మూత తీసి కూర్చున్నాడు. ముప్పై ఒక్కేళ్లలో రికార్డులో లేనిది ఆయన పంపలేదు. ఇసక మీద నడిచి తెచ్చిన మాటని ఏ రికార్డు అంటారు?

లక్ష్మణమ్మ గొంతు తగ్గించి మాట్లాడటం గంగులు కూడా అరుదుగా విన్నాడు.

“బాబూ, మా తమ్ముడు ఒడ్డునున్నాడని సంతకం ఎడతావా? ఎట్టు. ఆ కాయితం నాకియ్యి. సాయంత్రం ఆడి పెల్లానికి సూపిస్తాను.”

ఆయన తన కాగితాన్ని పక్కకి జరిపాడు. తర్వాత సుహాసిని రాసిన జాబితా అడిగి తీసుకుని, కింద సంతకం పెట్టాడు. అయినా మనిషి స్వభావం ఎక్కడికి పోతుంది? మొదటిదాని కింద కూడా పెట్టాడు! ‘కంప్యూటర్ ప్రకారం’ అని ఒకదాని మీద, ‘ఒడ్డు ప్రకారం’ అని రెండోదాని మీద రాసి, ఒంటి గంటకి అయిదు నిమిషాలుందనగా రెండూ పంపించాడు.

పావుగంటకి గంగులు జేబులో ఫోన్ మోగింది.

“కంట్రోల్ రూమ్ నుంచి. నువ్వు సముద్రంలో ఉన్నావు. వెంటనే ఒడ్డుకి రా!”

“వచ్చేసినాను సార్.”

“అప్పుడేనా! శభాష్! ఎంతసేపైంది?”

“శనివారమే సేరిపోనాను సార్.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత “సరే, మళ్లీ వెళ్లకు” అని పెట్టేశారు. నాగబాబు ఫోన్ మాత్రం ఎన్నిసార్లు చేసినా అందలేదు.

మధ్యాహ్నం బస్సుకి సుహాసిని కూడా వాళ్లతో కళింగపట్నం వెళ్లింది. ఎవరూ రమ్మనలేదు. ఆఫీసులో కూర్చోలేకపోయింది. తను అప్పుడే ఎందుకు చూడలేదు, మూడోసారైనా ఎందుకు చూడలేదు అని దారంతా అదే ఆలోచన. లక్ష్మణమ్మ సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది.

తీరంలో గాలి మొదలైంది. ఇసక కళ్లలో పడుతోంది. మూడు పడవలు వచ్చాయి, తర్వాత రెండు. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు తెల్లగా లేస్తున్నాయి. చీకటి పడకముందే గస్తీ బోటు మైకు గొంతు వినిపించింది. దాని వెనకే నాలుగు పడవలు. మూడోది నాగబాబుది.

గస్తీవాళ్లు చూసేసరికి వాడు వల దింపుకుని తాపీగా ఉన్నాడట. దక్షిణం వైపు మబ్బు కనపడుతోంది గానీ, వలలో పడుతున్న కవ్వళ్లు ఇంకా బాగా కనపడ్డాయి. ‘ఒడ్డు ప్రకారం’ జాబితాలో పేరుంది కాబట్టి వాళ్లు అటు వెళ్లారు.

అప్పలసూరి అప్పటికే సంగతంతా చెప్పేసినట్టున్నాడు. నాగబాబు పడవ దిగుతూనే అక్కని చూసి అరిచాడు: “ఏటప్పా, నాను వేటకి ఎల్లనే నేదంట కదా! మరి ఈ సేపలెక్కడివే?”

లక్ష్మణమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గంగులు కిందికి వంగి వల సర్దాల్సిన అవసరం లేకపోయినా సర్దాడు. స్కూటర్ మీద తడుస్తూ వచ్చిన జగన్నాధం దూరంగా నిలబడి, వచ్చిన పడవల్ని వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. రెండుసార్లూ తొమ్మిదే వచ్చాయి. గంగులు ఇంటికి రమ్మన్నా రాకుండా, వచ్చినట్టే తడుస్తూ వెళ్లిపోయాడు.

రెండు రోజులు వాన. సుహాసిని ఆఫీసులో కూర్చుని ఈసారి రీస్టార్ట్ అనే మాట తలపెట్టలేదు. అప్పలసూరిని ఫోన్‌లో ఉంచి, అక్కడ ఒక ఫైలు కదపమనేది. ఇక్కడ ముందే తెరిచి ఉంచిన జాబితా చూసేది. కదిలేది కాదు. తన కంప్యూటర్‌లో తనే కదిపితే మాత్రం వెంటనే మారేది. అంటే కంప్యూటర్‌కి తను చేసింది తెలుసు, పరాయివాళ్లు చేసింది తెలియదు.

ఆ తాళం వేసే ప్రోగ్రాము లోపలి రాతని ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. చదివితే బయటపడింది. అందులో రెండు పొరలు. కింది పొర సర్వర్ దగ్గర్నుంచి మోసుకొస్తుంది. పై పొర తాళం విప్పి చూపిస్తుంది. ఫోల్డర్ ఎప్పుడు మారిందో ఆ తేదీ కింది పొరకి ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. కానీ పై పొర దాన్ని అడిగితేనా! తన దగ్గర రాసుకున్న తేదీని తన దగ్గరున్న తేదీతోనే పోల్చుకుని, ఏమీ మారలేదని తృప్తిపడుతోంది. మన చేతి గడియారాన్ని మన చేతి గడియారంతోనే సరిచూసుకుంటే టైము ఎప్పుడు తప్పుతుంది చెప్పండి?

జాబితా చూపించే ప్రతిసారీ ముందు కింది పొరని తేదీ అడుగు, మారి ఉంటే పాత జాబితా పారెయ్యి. ఎనిమిది లైన్లు రాసింది. అప్పలసూరి ఒక పడవని కదిపాడు. ఇక్కడ తెర మీద కదిలింది! ఇద్దరూ ఫోన్‌లో కేకలు పెట్టుకున్నారు. ఆ సంబరంలో అప్పలసూరి గబగబా మరో రెండు కదిపాడు. ఒకటే మారింది.

సుహాసిని మళ్లీ తల పట్టుకుంది. మధ్యాహ్నానికి అదీ దొరికింది. తేదీలో సెకన్ల వరకే ఉంది. ఒకే సెకనులో రెండు మార్పులు జరిగితే, ఆ రెంటి మధ్యలో జాబితా చదివితే, రెండోది తెలియదు. తేదీ మరీ తాజాగా ఉంటే ఆ జాబితాని దాచుకోవద్దని ఇంకో మూడు లైన్లు చేర్చింది. నలభైసార్లు కదిపించింది. నలభైసార్లూ సరిపోయింది. అప్పలసూరి వేలు నొప్పెట్టిందన్నాడు.

ఆ పదకొండు లైన్లనీ ప్రోగ్రాము తయారుచేసేవాళ్లకి పంపింది. మూడు వారాల తర్వాత, బాగుంది, చేర్చుకున్నాం అని జవాబొచ్చింది. ఆఫీసులో చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. కార్యదర్శి స్వయంగా కప్పాడు.

అలా ఆ ప్రశాంతమైన ఆఫీసులో అశాంతి ప్రవేశించింది. జగన్నాధం చూస్తూండగానే జాబితా మారిపోవడం మొదలైంది! ఒక పడవని చదువుతుంటే ఇంకోటి మాయమయ్యేది. కప్పు కాఫీ తాగి వచ్చేసరికి మూడు ఒడ్డు చేరేవి. అంత నిలకడలేని దాన్ని ఆఫీసు రికార్డని ఎలా అనడం? ఆలోచించి ఆలోచించి ఆయన ఒక ఏర్పాటు చేశాడు. సోమవారం పొద్దున పది గంటల జాబితాని ప్రింటు తీయించి, ముద్ర వేసి, ఏడురోడ్ల కూడలిలో లామినేషన్ చేయించి, తన కుర్చీ వెనక గోడకి తగిలించాడు. ఇక వారమంతా అదే అధికారిక జాబితా!

ఆ గురువారమే లక్ష్మణమ్మ తమ్ముడి టోకెన్ కోసం వచ్చింది. సుహాసిని తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

జగన్నాధం అలవాటుగా కుర్చీలో వెనక్కి తిరిగాడు.

“ఇటు సూడు బాబూ” అంది లక్ష్మణమ్మ. “నాను ఇక్కడున్నాను.”

ఆయన సగం తిరిగినవాడల్లా ఆగాడు. గోడ మీద నాగబాబు వేటలో ఉన్నాడు. కళ్లజోడు తీసి, ఆమె వైపు తిరిగి, సర్వీసులో మొదటిసారిగా రికార్డు కంటే ముందు మనిషిని అడిగాడు.

“ఏటమ్మా, తమ్ముడొచ్చాడా?”

“నిన్ననే వచ్చినాడు బాబూ.”

జగన్నాధం కలం తీసుకుని లేచాడు. గోడ దగ్గరికి వెళ్లి నాగబాబు పేరు మీద గీత గీశాడు. సిరా ఆ నున్నటి కాగితం మీద నిలవలేదు. ముత్యాల్లా చుక్కలు కట్టి కిందికి జారిపోయింది. మళ్లీ గీశాడు. మళ్లీ జారింది. జేబురుమాలుతో తుడిచి, గుమ్మం దగ్గరున్న సుహాసిని వైపు చూశాడు.

“దీనికి కూడా ఆ పదకొండు లైన్లు రాసిపెడతావా అమ్మా?” అని అడిగి, టోకెన్ మీద సంతకం పెట్టి లక్ష్మణమ్మ చేతికిచ్చాడు.